06:10కి వెళ్లాల్సిన విమానం: 22 నిమిషాల ఆలస్యంపై ఒక కేస్ స్టడీ

విమానం బయలుదేరే సమయం గురించి ఆపరేషన్స్ సిబ్బందికీ విమాన సిబ్బందికీ మధ్య జరిగే గొడవలను నేను చాలా ఏళ్లు ఆపరేషన్స్ కంట్రోల్ గదిలో కూర్చుని, ఒక పక్షం మనిషిగానే చూశాను. డ్యూటీ మేనేజర్‌గా రోజూ నా ముందుకు వచ్చే డిలే రిపోర్టుల్లో ‘క్రూ ఆలస్యం’ అని కనబడితే నమ్మేవాడిని. చాలాసార్లు ఆ మాట రాయించింది కూడా నేనే. అలాంటి ఒక ఉదయాన్ని తర్వాత నిమిషం నిమిషంగా పేర్చి చూసినప్పుడు ఏం బయటపడిందో, దాన్నిబట్టి మా పద్ధతుల్లో ఏం మార్చుకున్నామో, ఏం మార్చలేకపోయామో ఇక్కడ రాస్తున్నాను. సంస్థ, స్టేషన్, మనుషుల పేర్లు వదిలేశాను.

రిపోర్టులో ఉన్నది

విమానం సుమారు 180 సీట్ల సింగిల్ ఐల్ రకం. రాత్రంతా మా దగ్గరే నిలిపి ఉంది, ఉదయం 06:10కి రోజులో దాని తొలి ప్రయాణం. 06:32కి కదిలింది. ఆ రోజు రిపోర్టు నాలుగు ముక్కల్లో ఉంది: సిబ్బంది విమానానికి ఆలస్యంగా చేరారు, బోర్డింగ్‌కు అనుమతి ఆలస్యంగా ఇచ్చారు, కెప్టెన్ చివరి నిమిషంలో అదనపు ఇంధనం అడిగారు, 22 నిమిషాలు, కోడ్ 63.

ఈ కోడ్ సంగతి తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా రూపొందించిన రెండంకెల డిలే కోడ్‌లను ప్రపంచమంతటా విమాన సంస్థలు వాడుతున్నాయి. 30లలో ర్యాంప్ (విమానాలు నిలిచే ప్రాంగణం) పనులు, 40లలో సాంకేతిక లోపాలు, 60లలో ఫ్లైట్ ఆపరేషన్స్, సిబ్బందికి సంబంధించినవి వస్తాయి. 93 అంటే ముందు ట్రిప్పు నుంచి విమానమే ఆలస్యంగా రావడం. ఏ పని దగ్గర సమయం పోతోందో తెలుసుకోవడానికి ఇది మంచి ఏర్పాటే. అయితే ప్రతి కోడ్ వెనుకా ఒక విభాగం, ప్రతి విభాగానికీ నెలాఖరున ఒక పట్టిక, ఆ పట్టిక మీద ఒక సమీక్ష ఉంటాయి కాబట్టి, కోడ్ రాయడమంటే ఆలస్యాన్ని ఎవరి ఖాతాలో వేయాలో తేల్చడమే అయిపోయింది. 63 అంటే సిబ్బంది ఆలస్యంగా విమానం ఎక్కడం, లేదా బయలుదేరే ముందు తాము చేయాల్సిన పనులను ఆలస్యంగా ముగించడం. వాళ్లను తీసుకొచ్చే వ్యాన్ ఆలస్యమైనా మా స్టేషన్‌లో 63లోనే పడేది. ఇంధనం విషయంలోనైతే రెండు కోడ్‌లున్నాయి: ప్రయాణ అవసరం కోసం ఇంధనం మారిస్తే 62, ఆ అవసరానికి మించి కాక్‌పిట్ సిబ్బంది ప్రత్యేకంగా కోరితే 65. ఈ రెండింటికీ మధ్య తేడాను విమానం పక్కన ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ ర్యాంప్ కోఆర్డినేటర్ అర నిమిషంలో తేల్చాలి. ఆ ట్యాబ్‌లో వాతావరణ నివేదిక కనబడదు.

ఆ కోఆర్డినేటర్ పరిస్థితి గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే పైలట్లు రాసే ఫిర్యాదుల్లో ఎప్పుడూ దుర్మార్గుడిగా కనిపించేది అతనే. ఇంధనం నింపేవారు ఒక సంస్థ, భోజనాలు ఎక్కించేవారు మరొకరు, శుభ్రం చేసేవారు ఇంకొకరు, సామాను లోడర్లు వేరే కాంట్రాక్టరు మనుషులు. వీళ్లెవరూ అతని కింద పనిచేయరు, ఎవరినీ ఆజ్ఞాపించే అధికారం అతనికి లేదు, కానీ ఆ అందరి పనుల మొత్తానికీ జవాబుదారీ మాత్రం అతనే. చెవి దగ్గరున్న వాకీటాకీలో రెండు నిమిషాలకోసారి మా గది నుంచి ‘పరిస్థితి ఏమిటి’ అన్న ప్రశ్న వస్తూ ఉంటుంది. అంత ఒత్తిడిలో ఉన్న మనిషి తాను నేరుగా చూడగలిగిన, తనకు ఎదురుగా ఉన్న ఒకే ఒక్క బృందాన్ని, అంటే విమాన సిబ్బందిని తొందరపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

06:08 నుంచి 06:12 వరకు

గొడవ జరిగింది ఆ నాలుగు నిమిషాల్లోనే. ప్రయాణికులు చాలావరకు కూర్చున్నారు. రెక్క కింద ఇంధనపు బౌజర్ ఉంది, గొట్టం ఇంకా తగిలించే ఉంది. కోఆర్డినేటర్ కాక్‌పిట్ ద్వారం దగ్గరికి వెళ్లి, డోర్ మూసేయవచ్చా అని అడిగాడు.

‘ఇంధనం ఎక్కుతోంది కదా, లోడ్‌షీట్ కూడా రాలేదు. ఇప్పుడు డోర్ మూసి ఏం చేస్తారు?’ అన్నారు కెప్టెన్. లోడ్‌షీట్ అంటే విమానం బరువు లెక్కల కాగితం.

‘టైమ్ అయిపోయింది సార్. ఆపరేషన్స్ అడుగుతోంది.’

‘ఆపరేషన్స్‌ను నాతో మాట్లాడమనండి.’

వాకీటాకీలో అటువైపు ఉన్నది నేను. అప్పటికి ఆ గంటలో బయలుదేరాల్సిన మరో విమానం తలనొప్పిలో ఉన్నాను. నేనడిగిన ప్రశ్న నాకు అక్షరాలా గుర్తుంది: ‘కెప్టెన్ గారూ, డిలేకి కారణం ఏమని రాయమంటారు?’ ఆయన రెండు క్షణాలు మాట్లాడలేదు. తర్వాత, ‘మీ ఇష్టమొచ్చింది రాసుకోండి. నేను సంతకం పెట్టను’ అన్నారు. కోఆర్డినేటర్ 63 నొక్కాడు. నేను సరేనన్నాను.

ఆ సమయంలో నేను అడగాల్సింది ఒకటే ఒకటి ఉంది: ఇంకా ఎంతసేపు పడుతుంది, మా నుంచి ఏం కావాలి? అది అడిగి ఉంటే, ఇంజన్ స్టార్ట్ చేయడానికి కావాల్సిన ఎయిర్ స్టార్ట్ యూనిట్ ఇంకా బే (విమానం నిలిపి ఉంచిన చోటు) దగ్గరికి రాలేదని ఆయన చెప్పేవారు, నేను ఐదు నిమిషాలైనా మిగిల్చేవాడిని. విమానం ఇంకా నేలమీదే ఉండగా, గొట్టంలో ఇంధనం పారుతుండగా, నేను నెలాఖరు పట్టిక నింపుకోవడానికి సమాచారం అడిగాను.

సాయంత్రం ఫోన్

ఆ విమానం, ఆ సిబ్బంది అదే రోజు నాలుగు ట్రిప్పులు చేయాలి. మొదటి గమ్యంలో పొగమంచు సూచన ఉందనే కెప్టెన్ అదనంగా 700 కిలోల ఇంధనం తీసుకున్నారు. విమానం చేరేసరికి మంచు విడిపోయింది, ఆ ఇంధనం అవసరపడలేదు. మా గదిలో ఈ సంగతి వెంటనే చర్చకు వచ్చింది. ‘చూశారా, అనవసరంగా ఆపాడు’ అన్నారు కొందరు. వాడని ఇంధనం తప్పుడు ఇంధనం కాదు. నిర్ణయం సరైనదో కాదో తీసుకున్న గంటకు తెలిసిన విషయాలను బట్టి చూడాలి తప్ప, తర్వాత తేలిన ఫలితాన్ని బట్టి కాదు. ఆ మాట ఆ రోజు నేను గట్టిగా అనలేదు, అనాల్సింది.

రెండో ట్రిప్పులో ట్రాఫిక్ నియంత్రణ స్లాట్, అంటే టేకాఫ్‌కు కేటాయించిన సమయం, తప్పిపోయింది. స్లాట్ల స్వభావం తెలిసినవారికి దాని అర్థం తెలుసు. యూరప్‌లో లెక్కించిన టేకాఫ్ సమయానికి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తర్వాత వరకే వెసులుబాటు ఉంటుంది. రద్దీ వేళ అది దాటితే కొత్త స్లాట్ ఎంత దూరాన దొరుకుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. మా దగ్గర నిబంధన వేరైనా ఫలితం అదే. ఉదయపు 22 నిమిషాలు మూడో ట్రిప్పుకి దాదాపు రెండు గంటలయ్యాయి, నాలుగో ట్రిప్పు పూర్తయ్యేసరికి సిబ్బంది డ్యూటీ పరిమితి దాటుతుందని రోస్టర్ డెస్క్ లెక్క తేల్చింది.

ఊహించని పరిస్థితుల్లో కెప్టెన్ తన విచక్షణతో డ్యూటీని కొంత పొడిగించుకునే వీలు చాలా దేశాల నిబంధనల్లో ఉంది. యూరప్ నిబంధనల్లో అదనపు పైలట్లు లేని సిబ్బందికి ఇది గరిష్ఠంగా 2 గంటలు. ఇది కెప్టెన్ విచక్షణ. సంస్థ హక్కు కాదు. దాన్ని వాడినా వాడకపోయినా ఎవరినీ శిక్షించని పద్ధతి సంస్థ పాటించాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. నేనే ఫోన్ చేసి అడిగాను. ఆయన తన సిబ్బందితో మాట్లాడి, పది నిమిషాల తర్వాత కుదరదని చెప్పారు. స్టాండ్‌బై సిబ్బందిని పిలిపించాం, మరింత ఆలస్యమైంది. మా గదిలో అందరూ దాన్ని పొద్దుటి కోడ్‌కు ప్రతీకారం అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఉదయం ఐదింటికి రిపోర్టు చేయాలంటే మూడింటికి ముందే లేచిన మనుషులు, పొద్దుటి నుంచి నాలుగు చోట్ల తగువు పడుతూ వచ్చినవాళ్లు, అలసిపోయామని చెబితే దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకోవడం మా అందరికీ ఎందుకంత కష్టమైందో ఆలోచించాల్సిన విషయం. పొద్దుట ఆయన మాటను నమ్మని గదికి సాయంత్రం ఆయన మాట మీద నమ్మకం ఎక్కడ నుంచి వస్తుంది?

తర్వాతి వారాలు

ఆ కెప్టెన్ రాసిన రిపోర్టు పైలట్ల మధ్య తిరిగింది. ఎవరూ సమ్మె అనలేదు, నిరసన అనలేదు, కానీ పని తీరు మారింది. బోర్డింగ్‌కు ముందే ‘ఇంకో మూడు నిమిషాల్లో అయిపోతుంది, ప్రయాణికులను పంపేయండి’ అని చెప్పే క్యాబిన్ ఇన్‌చార్జ్‌లు ఆ మాట మానేశారు; చివరి తనిఖీ అయ్యాకే అనుమతి ఇచ్చారు. విమానం లోపాలు రాసే టెక్ లాగ్‌లో చిన్న చిన్న అనుమానాలు కూడా రాతపూర్వకంగా రావడం మొదలైంది. ఇవన్నీ నిబంధనల ప్రకారం సరైనవే. కానీ అంతకుముందు ఒకరికొకరు చెప్పుకునే ముందస్తు సమాచారం మొత్తం ఆగిపోయింది.

ఇంకో మార్పు నన్ను ఎక్కువగా భయపెట్టింది. మా సంస్థ విమానాల్లో బయలుదేరిన సమయాన్ని, విమానం నుంచి నేలకు సందేశాలు చేరవేసే ఏకార్స్ వ్యవస్థ తనంతట తానే పంపుతుంది: తలుపులన్నీ మూసి, పార్కింగ్ బ్రేక్ వదిలిన క్షణమే ‘ఔట్’ సమయం. విమానం కదలనక్కరలేదు. 63 పడకుండా చూసుకోవడానికి కొందరు సరిగ్గా షెడ్యూల్ సమయానికి బ్రేక్ వదిలి, విమానాన్ని వెనక్కి నెట్టే టగ్ వచ్చేదాకా చాక్స్ (చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు) మీద నిలబడి ఉండేవారు. కోఆర్డినేటర్లకూ ఇది నచ్చింది, ఎందుకంటే వాళ్ల పట్టిక కూడా పచ్చగా కనిపించేది. తెర మీద సమయానికి వెళ్లిపోయిన విమానం ఆరేడు నిమిషాలు బే లోనే ఉండేది. చక్రాల దగ్గర మనుషులు తిరుగుతూనే ఉండేవారు, బ్రేక్ లేదన్న సంగతి వాళ్లకు తెలియదు. రెండు పక్షాలూ కలిసి చేసిన ఒకే ఒక్క పని ఇది కావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

పేర్చి చూడటం

మొదట ఒక సంయుక్త సమావేశం పెట్టాం. అది విఫలమైంది. ఇరవై మంది ఒక గదిలో తమ తమ ఉదాహరణలు చెప్పుకున్నారు. ప్రతి ఉదాహరణా నిజమే, దేని నుంచీ ఏమీ తేలలేదు. ఆ తర్వాత నలుగురం కూర్చున్నాం: ఒక సీనియర్ కెప్టెన్, ఒక క్యాబిన్ ఇన్‌చార్జ్, ఒక ర్యాంప్ కోఆర్డినేటర్, నేను. అభిప్రాయాలు వద్దు, కాగితాలే చూద్దాం అనుకున్నాం. మొదటగా తీసుకున్నది ఆ 06:10 విమానమే.

బల్ల మీద పరిచిన కాగితాల్లో బౌజర్ మీటర్ స్లిప్పులు రెండున్నాయి. మొదటి దానిపై సమయం 04:52. సిబ్బంది ఇంకా రిపోర్టు కూడా చేయలేదు. రాత్రి షిఫ్టువాళ్లు ఉదయం పని తేలిక అవుతుందని, ఫ్లైట్ ప్లాన్‌లో ఉన్న అంకె ప్రకారం ముందే ఇంధనం నింపేసి బౌజర్‌ను పంపేశారు. కెప్టెన్ బ్రీఫింగ్ గదిలో వాతావరణం చూసి 05:12కే కొత్త అంకె చెప్పారు, ప్రయాణ ప్రణాళిక చూసే డిస్పాచ్ డెస్క్ కంప్యూటర్‌లో మార్చింది కూడా. కానీ ర్యాంప్ తెర మీద ఆ విమానం ఇంధనం గడి అప్పటికే ‘పూర్తి’ అని ఆకుపచ్చగా ఉంది. పూర్తయిన గడిని మళ్లీ తెరిచి చూసేవారెవరు? కెప్టెన్ 05:43కి కాక్‌పిట్‌లో కూర్చుని గేజ్ చూశాకే తేడా బయటపడింది. కోఆర్డినేటర్‌కు అది ‘చివరి నిమిషపు కోరిక’. కెప్టెన్‌కు అది అరగంట కిందట తేల్చేసిన విషయం. ఇద్దరూ నిజమే చెప్పారు.

బౌజర్ మరో బే నుంచి 06:00కి తిరిగొచ్చింది. ప్రయాణికులు ఎక్కుతుండగా ఇంధనం నింపాలంటే తలుపుల దగ్గర సిబ్బంది ఉండాలి, సీటు బెల్టులు పెట్టుకోవద్దని చెప్పాలి, నడవ ఖాళీగా ఉంచాలి; బోర్డింగ్ ఆ మేరకు నెమ్మదించింది. 06:11కి ఇంధనం పూర్తయింది. బరువు మారింది కాబట్టి కొత్త లోడ్‌షీట్ కావాలి, అది 06:16కి వచ్చింది.

సిబ్బంది ఆలస్యంగా చేరారన్నది నిజం. 05:25కి చేరాల్సినవారు 05:38కి చేరారు. వ్యాన్ పుస్తకంలో కారణం ఉంది: ఆ వేళకు ఉండాల్సిన రెండు వ్యాన్లలో ఒకటి రాలేదు, ఉన్న ఒక్కటే మూడు బృందాలను మూడు బేలకు చేర్చింది, ఈ బృందం చివరిది. వ్యాన్లను నడిపేది సంస్థ పరిపాలనా విభాగం. సమాచారం రావాల్సింది మా గదికి. క్యాబిన్ సిబ్బంది తమ భద్రతా తనిఖీలను పది నిమిషాల్లో ముగించి 05:48కి బోర్డింగ్‌కు అనుమతిచ్చారు. అది ఎవరికైనా పట్టే సమయమే.

ఇక చివరిది నాకు అన్నిటికంటే బరువైనది. ఆ విమానంలో ఏపీయూ, అంటే తోకలో ఉండే చిన్న సహాయక ఇంజన్, పనిచేయడం లేదు. అది లేకుండా ఎగరవచ్చు, మినిమం ఎక్విప్‌మెంట్ లిస్ట్ అనుమతిస్తుంది, కానీ ప్రధాన ఇంజన్ స్టార్ట్ చేయడానికి కావాల్సిన గాలిని బయట నుంచి ఎయిర్ స్టార్ట్ యూనిట్ ఇవ్వాలి. అంటే ఒక ఇంజన్‌ను బే లోనే స్టార్ట్ చేసి, యూనిట్‌ను తీసేశాకే విమానాన్ని వెనక్కి నెడతారు (పుష్‌బ్యాక్). దీనికి మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుందని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. ఆ లోపం సంగతి రాత్రి 23:52కి మా గది తెర మీదికి వచ్చింది. కింద ‘చూశాం’ అన్న గుర్తు ఉంది. ఆ గుర్తు పెట్టినవారు పరికరాల డెస్క్‌కు చెప్పలేదు. ఉదయం షిఫ్టు ఇంజనీరు, యూనిట్‌ను మా గది పంపుతుందనుకున్నాడు. ఎంతకీ రాకపోయేసరికి 06:06కి అతనే అడిగితే 06:19కి వచ్చింది. ఇంజన్ స్టార్ట్ అయి, యూనిట్ తొలగి, విమానం కదిలేసరికి 06:32.

వ్యాన్ సమయానికి వచ్చి ఉన్నా, ఇంధనం తేడా లేకపోయినా, ఆ యూనిట్ కోసం ఆ విమానం ఆగేదే. మా గదికి ఆరు గంటల పైగా ముందు తెలిసిన విషయం అది. రిపోర్టులో దాని ప్రస్తావనే లేదు.

పైలట్ల పక్షాన కూడా ఒక లోపం తేలింది, దాన్ని ఎత్తి చూపించింది మాతో ఉన్న సీనియర్ కెప్టెనే. ఏపీయూ సంగతి కెప్టెన్ 05:08కే కాగితాల్లో చదివారు. ఇంధనం మార్చింది తానే. ఈ రెండిటినీ బే దగ్గరున్న మనిషికి చెప్పాలని ఆయనకు తోచలేదు. డిస్పాచ్‌కు చెబితే చాలనుకున్నారు. ‘మాకు కావాల్సినవి అడగకుండానే అమరాలనుకుంటాం, అమరకపోతే మాట్లాడకుండా కూర్చుంటాం. ఇది మా వృత్తిలో గౌరవంగా చెలామణీ అవుతోంది’ అన్నారాయన. ఆ మాట ఒక పైలట్ నోటి నుంచి రావడం వల్ల మిగతా పైలట్లు విన్నారు. నేను అని ఉంటే వినేవారు కాదు.

నియమాల్లో ఉన్నది

అప్పుడు మేం మళ్లీ చదివిన నియమాలు రెండు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నియమాల అనుబంధం 6 ప్రకారం తలుపులు మూసిన తర్వాత విమానంలోని సిబ్బంది, ప్రయాణికులు, సరుకు అంతటి భద్రతకూ బాధ్యత కెప్టెన్‌ది. కాబట్టి ‘డోర్ మూసేయనా’ అన్నది మా కోఆర్డినేటర్‌కు గడియారం ప్రశ్న అయితే, కెప్టెన్‌కు బాధ్యత చేతులు మారే క్షణం గురించిన ప్రశ్న. ఆ ఇద్దరూ ఒకే మాటకు రెండు అర్థాలు చెప్పుకుంటూ ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్నారు.

రెండోది అమెరికా ఫెడరల్ నిబంధనల్లోని 121.533. దేశీయ ప్రయాణాల ముందస్తు ప్రణాళికకు, విడుదలకు, ఆలస్యానికి కూడా కెప్టెన్, డిస్పాచర్ ఇద్దరూ ఉమ్మడిగా బాధ్యులని అందులో ఉంది. ‘ఆలస్యం’ అన్న మాట ఆ వాక్యంలోనే ఉంది. మాకు ఆ నిబంధన వర్తించదు, అయినా దాన్ని ముద్రించి మా గది గోడకు అంటించాను. ఆలస్యం చేయడం ఒక్కోసారి ఇద్దరూ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయమని, ఎప్పుడూ ఎవరో ఒకరి తప్పు కాదని దాన్ని రాసినవారు గుర్తించారు.

శిక్షణలో మేం చేర్చిన ఉదాహరణ కెనడాలోని డ్రైడెన్ ప్రమాదం. 1989 మార్చి 10న ఎయిర్ ఒంటారియో 1363వ నంబరు విమానం థండర్ బేలో ఆగినప్పుడు, రద్దయిన మరో విమానం ప్రయాణికులు అదనంగా చేరడంతో బరువు ఎక్కువైంది. కెప్టెన్ ఆ ప్రయాణికులను దించాలనుకున్నాడు. ఆపరేషన్స్ కేంద్రం ప్రయాణికులను ఉంచి, ఇంధనం తీసేయమంది. ఇంధనం తీయడానికి పట్టిన సమయం అప్పటికే ఉన్న ఆలస్యానికి తోడైంది, తగ్గిన ఇంధనం వల్ల డ్రైడెన్‌లో మళ్లీ నింపాల్సి వచ్చింది. ఆ విమానంలోనూ ఏపీయూ పనిచేయడం లేదు. డ్రైడెన్‌లో ఇంజన్ స్టార్ట్ చేసే పరికరం లేదు కాబట్టి ఇంజన్ ఆపకుండానే ఇంధనం నింపారు. మంచు కురుస్తోంది, ఇంజన్ తిరుగుతుండగా రెక్కల మీద మంచు తొలగించే పని చేయకూడదన్నది సంస్థ నియమం. మంచు తొలగించకుండానే బయలుదేరిన విమానం టేకాఫ్ అయిన వెంటనే కూలింది. 69 మందిలో 24 మంది చనిపోయారు. జస్టిస్ వర్జిల్ మొషాన్‌స్కీ విచారణ సంఘం 1992లో ఇచ్చిన తుది నివేదిక పైలట్ నిర్ణయం దగ్గర ఆగకుండా, ఆ నిర్ణయం దాకా దారితీసిన సంస్థాగత కారణాలన్నిటినీ పరిశీలించింది. మా 06:10 విమానానికి ఏ ప్రమాదమూ జరగలేదు, రెంటినీ ఒకే గాటన కట్టడం లేదు. అయితే పనిచేయని ఏపీయూ, మారిన ఇంధనం, బే లో లేని పరికరం, పెరుగుతున్న ఆలస్యం, డ్యూటీ గంటలు అన్న వరుస మా గదిలో ఎవరికీ కొత్తది కాదు. ఆ నివేదిక సంగతులు చెప్పినప్పుడు ఇటు కోఆర్డినేటర్లు, అటు పైలట్లు ఇద్దరూ మాట్లాడకుండా విన్న సెషన్ అదొక్కటే.

మార్చినవి

మొదటగా, బే దగ్గర కోడ్ రాయడం ఆపేశాం. కోఆర్డినేటర్ సమయాలు మాత్రమే రాస్తాడు: సిబ్బంది వచ్చింది, బోర్డింగ్ అనుమతి, ఇంధనం పూర్తి, లోడ్‌షీట్, తలుపు, టగ్, కదలిక. కోడ్‌ను మర్నాడు ఒక ఆపరేషన్స్ అధికారి, ఒక పైలట్ కలిసి నిర్ణయిస్తారు; ఒకే ఆలస్యాన్ని రెండు మూడు కోడ్‌ల మధ్య పంచవచ్చు. ఇది కేంద్ర కార్యాలయానికి నచ్చలేదు, ఎందుకంటే వాళ్లకు ఉదయం ఎనిమిదింటికల్లా పట్టిక కావాలి. చాలా రాయబారాల తర్వాత తాత్కాలికంగా కోడ్ లేకుండా నిమిషాలు మాత్రమే పంపడానికి ఒప్పుకున్నారు.

రెండోది, బ్రీఫింగ్ అయిన వెంటనే కెప్టెన్ నేరుగా కోఆర్డినేటర్‌కు చేసే ఒక ఫోన్. ఇంధనం ఎంత, లోపాలేమైనా ఉన్నాయా, ప్రత్యేక పరికరం కావాలా, సమయానికి వెళ్లగలమా? ఒక నిమిషం కూడా పట్టదు. మొదట్లో కొందరు కెప్టెన్లు ఇది తమ పని కాదన్నారు. ఫస్ట్ ఆఫీసర్లు చేయడం మొదలుపెట్టాక మెల్లగా అలవాటైంది. రాత్రి ఇంధనం పూర్తి అంకె దాకా నింపకుండా కొంత తక్కువగా ఆపి, మిగతాది కెప్టెన్ చెప్పిన తర్వాతే నింపుతున్నాం. ఏపీయూ లోపం నమోదైన క్షణమే పరికరాల డెస్క్‌కు దానంతట అదే సందేశం వెళ్తుంది. ‘చూశాం’ అన్న గుర్తును తీసేయించాను, దాని బదులు ఎవరికి చెప్పారో పేరు రాయాలి. బ్రేక్ విషయంలో పైలట్ల విభాగమే ఆదేశం ఇచ్చింది: టగ్ తగిలి, హెడ్‌సెట్ మీద ఉన్న మనిషి అడిగే దాకా బ్రేక్ వదలకూడదు. ఆ ఆదేశం వచ్చిన నెలలో మా సమయపాలన కాగితం మీద తగ్గింది. తగ్గుతుందని ముందే రాసి పంపాను కాబట్టి తట్టుకున్నాం.

సిబ్బందిని పది నిమిషాలు ముందుగా రిపోర్టు చేయించాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. మా గదిలో దానికి చాలా మద్దతు ఉండేది. నేను వ్యతిరేకించాను. ఆ పది నిమిషాలు వాళ్ల నిద్రలో నుంచి పోతాయి, డ్యూటీ గంటల్లో నుంచి కూడా పోతాయి, సాయంత్రం మళ్లీ అదే విచక్షణ ఫోన్ చేయాల్సి వస్తుంది. ఆలస్యం వ్యాన్‌లో ఉంటే వ్యాన్‌ను సరిచేయాలి.

వాకీటాకీలో మేం అడిగే ప్రశ్నను మార్చడం అన్నిటికంటే కష్టమైంది. కారణం అడగకూడదు, ఎంతసేపు, ఏం కావాలి అని మాత్రమే అడగాలి అని నిర్ణయించుకున్నాం. నాకే మూడు నాలుగు వారాలు పట్టింది. సమయం దాటిన మరుక్షణం ‘ఎందుకు’ అన్న మాట నోటి చివరకు వచ్చేసేది. మాతో కూర్చున్న కోఆర్డినేటర్ ఒక సలహా ఇచ్చాడు: ప్రశ్న కాకుండా సమయం చెప్పమనండి అని. ఇప్పుడు మా గదివాళ్లు ‘06:10కి, మీ అంచనా?’ అంటారు. కెప్టెన్ ‘06:25’ అంటే తెర మీద 06:25 పెట్టి, గేటుకూ, తర్వాతి స్టేషన్‌కూ, రోస్టర్‌కూ అదే పంపుతాం. ఆ అంచనాలు ముందుగా, నిజాయితీగా రావడం మొదలైన తర్వాత మా పని ఎంత తేలికైందో అంకెల్లో చూపించలేను. కనెక్షన్ ప్రయాణికులను గంట ముందే వేరే విమానానికి మార్చగలిగిన రోజులు నాకు గుర్తున్నాయి.

డ్యూటీ పొడిగింపు అడిగే ఫోన్ మాత్రం ఇప్పటికీ సరిగా కుదరలేదు. అడగడమే ఒత్తిడి అని పైలట్లు అంటారు. అడగకపోతే వాళ్లు ఒప్పుకునే సందర్భాల్లో కూడా ప్రయాణం రద్దవుతుందని రోస్టర్ డెస్క్ అంటుంది. ప్రస్తుతానికి ఆ ఫోన్‌ను డ్యూటీ మేనేజర్ చేయడం లేదు, ఉదయం నుంచి ఆ విమానంతో ఏ వివాదంలోనూ లేని మరొకరు చేస్తున్నారు. ‘కుదరదు’ అన్న జవాబు వస్తే కారణం అడగరు, ఎక్కడా రాయరు.

ఆ 06:10 విమానం 22 నిమిషాలను మేం తిరిగి పంచాం: ఇంధనం మార్పుకు 62 కింద కొన్ని, పరికరం లేకపోవడానికి 39 కింద ఎక్కువ భాగం, వ్యాన్ వాటా 63లో మిగిలింది. సవరించిన కాగితం ఆ కెప్టెన్‌కు పంపాను. కేంద్ర కార్యాలయం మాత్రం ఆ నెల లెక్కలు అప్పటికే మూసేసిందని చెప్పి పాత నమోదును మార్చలేదు. ఆ అభ్యర్థనను నేను ఇంకా వెనక్కి తీసుకోలేదు.